పరుపుల సంఘం అధ్యక్షుడి సంతాపం

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన పరుపుల షాపు ఓనరుకు ఏళ్ల తరబడి కౌంటర్లో కూర్చోవడం వల్ల వచ్చిన నవ్వు ఒకటుండేది. కొన్నవాళ్లకీ కొననివాళ్లకీ అదే నవ్వు. ఆ ఏడాది ఆయన పరుపుల వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. ఎల్బీనగర్‌ ఫంక్షన్ హాల్లో ఎక్స్‌పో పెట్టి, తన చేత్తో రిబ్బన్ కత్తిరించాలని ఆయన ఆశ. కత్తెర కూడా కొన్నాడు.

సరిగ్గా ముందురోజు దేశంలో ఘోరం జరిగింది. టీవీ చూసి, "ఎక్స్‌పో బంద్ పెడదాం. గిసొంటప్పుడు పరుపులేం అమ్ముతం?" అని ముందుగా అన్నది ఆయనే. మనస్ఫూర్తిగానే అన్నాడు. చిక్కంతా సంతాపం ఫ్లెక్సీతో వచ్చింది. దానికి ఫొటో కావాలి, ఆయన ఫొటోలన్నీ నవ్వులే.

"కొత్తది తియ్యి తమ్మీ," అని గోడ ముందు నిలబడ్డాడు. నేను ఫోన్ ఎత్తగానే నవ్వాడు.

"అన్నా, సంతాపం."

"యాదికుందిరా. మూతి ఇంటలేదు."

అంతలో సైదాబాద్ నుంచి సంఘం ఉపాధ్యక్షుడు వచ్చి ఓదార్చాడు. "ఫికర్ జెయ్యకన్నా, ఎక్స్‌పో వచ్చేయేడు పెట్టుకుందాం. అప్పటికి ప్రెసిడెంట్ నేనే గదా, రిబ్బన్ నేనే కట్ జేస్త."

అప్పుడు తీశాను ఫొటో.

మర్నాడు చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. పైన 'కన్నీటి నివాళి', కింద నిలువెత్తున ఆయన ఒక్కడే. మధ్యాహ్నానికి కర్మన్‌ఘాట్ నుంచి దూరపు చుట్టమొకావిడ పూలదండతో, ఏడుస్తూ షాపుకొచ్చింది. కౌంటర్లో ఆయన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"తెచ్చినవు గదా అత్తా, వెయ్యి," అని ఆయన మెడ వంచాడు.

అధ్యక్షుడిగా ఆయనకు పడిన దండ అదొక్కటే.