‘ఇతర’ అన్న గడి

లా చదువు చివరి సంవత్సరంలోకి రాకముందే నగరంలోని పెద్ద లా ఫర్ములకు వరసగా దరఖాస్తులు పెట్టాను. మా కాలేజీ ఊరికి దూరంగా, హైవే పక్కన ఉండేది. ఫర్ముల వెబ్‌సైట్లలో కాలేజీ ఎంచుకోమన్న చోట మా పేరు కనిపించేది కాదు. అట్టడుగున ‘ఇతర’ అన్న గడి నొక్కి ముందుకు పోయేదాన్ని. చాలా చోట్ల నుంచి జవాబే రాలేదు. వచ్చినవి అన్నీ ఒకరే రాసినట్టు మర్యాదగా కాదనేవి.

మా నాయన రాయపురంలో, రేవు నుంచి సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా. అన్నం తినేటప్పుడు “ఏమన్నా వచ్చిందా పాపా?” అనేవాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఎండాకాలం సెలవుల్లో నుంగంబాకంలోని ఒక ఫర్ము రాత పరీక్షకు పిలిచింది. ఒక గోడౌను అద్దె ఒప్పందం ఇచ్చి, అందులోని లోపాలు రాయమన్నారు. స్టాంపు డ్యూటీ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తోచిన సెక్షన్ నంబరేదో వేసేద్దామనుకున్నాను కానీ చెయ్యి రాలేదు. “ఇది నాకు తెలియదు. చట్టం చూడాలి. చూసేదాకా క్లయింటును సంతకం పెట్టొద్దంటాను” అని రాసి ఇచ్చేశాను. బయటికొస్తూనే, ఇక్కడా పోయిందనుకున్నాను.

పోలేదు. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆ ఫర్ము భాగస్వాముల్లో ఒకావిడ నా కాగితాలు తిరగేస్తూ కాలేజీ ఎక్కడని అడిగారు. చెప్పాను. లైబ్రరీ చిన్నదే అయినా పాఠాలు బాగా చెప్తారంటూ, అద్దం ముందు నేర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

“అది వదిలేయండి. స్టాంపు డ్యూటీ తెలియదని ఎందుకు రాశారు?”

“నిజంగానే తెలియదు మేడమ్. తప్పు చెబితే నష్టపోయేది క్లయింటు కదా.”

“ఇప్పుడు తెలుసా?”

“తెలుసు. ఇంటికి పోగానే చూశాను.”

చూసింది చెప్పాను. ఆవిడ ఇంకో చిక్కు వేశారు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఆ గోడౌను గురించే. మధ్యలో ఎక్కడో నా భుజాలు సడలాయి. చదివింది లా, అడుగుతున్నదీ ఆ లా గురించే. ఇంతకాలం దేనికి భయపడ్డానో ఆ గదిలో గుర్తుకే రాలేదు.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. ముందు ఇంటర్న్‌గా చేరమన్నారు. చదువయ్యాక ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఫోన్ వచ్చిన రోజు ఆదివారం. నాయన ఇంట్లోనే ఉన్నాడు.

“కాలేజీ గురించి ఆడ ఏమన్నా అన్నారా?”

“అడిగినారు నాయనా. చెప్పినా. అంతే.”

“అంతేనా?” నాయన నెమ్మదిగా ఊపిరి వదిలాడు. “సరే, అన్నం తిను. ఇన్నాళ్ళూ సరిగ్గా తింటా ఉండావా నువ్వు?”

అమ్మ వంజరం చేప ముక్కలు వేయించింది. కడుపునిండా తిని ఫ్యాను కింద పడుకున్నాను. లేచేసరికి మా తొండియార్‌పేట వీధిలో దీపాలు వెలిగి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ నన్ను లేపలేదు.