మంచం మీది రైలు

ఇవాళ వంటింట్లో సింకు కింద బొద్దింక కనిపించింది. చీపురుతో బయటికి నెట్టాను. చేతులు కడుక్కుంటుంటే విరూర్ గుర్తొచ్చింది.

విరూర్ మా అమ్మమ్మ ఊరు. మేము చంద్రాపూర్‌లో, బాబుపేట్‌లో ఉండేవాళ్ళం. బాపు రోజూ బొగ్గుగనిలోకి దిగేవాడు. వానాకాలం సాయంత్రాల్లో అమ్మ ఉన్నట్టుండి, "విరూర్ బండొచ్చింది, ఎక్కుండ్రి" అనేది. చెల్లి, నేను మంచం ఎక్కేవాళ్ళం. మాకంటే ముందే బాపు ఎక్కి కూత వేసేవాడు. స్టేషన్ వచ్చేదాకా ఎవరూ కాలు కింద పెట్టకూడదు. వచ్చిందో లేదో అమ్మే మూలలన్నీ చూసి చెప్పేది.

ఒకసారి మంచం కోడు ఎక్కుతున్న బొద్దింకను మీసం పట్టుకుని పైకెత్తాను.

"బాపూ, ఇది గూడ అమ్మమ్మ కాడికి వస్తదట."

కూత ఆగిపోయింది. బాపు గోడకు అతుక్కుపోయాడు.

"దానికి టికెట్ లేదు బిడ్డా. బయట దించి రా," అన్నాడు మెల్లగా. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నిద్రొచ్చిందనుకున్నాను.

ఆ బండి దేన్ని చూసి బయల్దేరేదో చాలా ఏళ్ళకు గాని నాకు అర్థం కాలేదు. వాళ్ళ భయం మాత్రం నాకు అంటలేదు. ఇప్పటికీ బొద్దింక కనిపిస్తే నాకు అమ్మమ్మ ఊరికి పోవాలనిపిస్తుంది.