పడమటికి వారశూల

మా చిక్కడపల్లి ఇంట్లో యూరప్ యాత్ర మూడేళ్లు సాగింది, గడప దాటకుండానే. డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి ప్యారిస్‌కు నాలుగైదుసార్లు వెళ్లొచ్చాను. రోమ్‌లో ఏ సందు తిరిగితే రైల్వే స్టేషన్ వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. మా వీధిలో కొత్తగా పెట్టిన మందుల షాపు ఎక్కడుందో మాత్రం మా ఆవిడ వెంట వచ్చి చూపించాల్సి వచ్చింది.

రిటైరైన ప్రభుత్వోద్యోగికి ప్లాన్ వేయడం ఒక జబ్బు. సర్వీసంతా పైవాళ్ల టూర్ ప్రోగ్రాములు తయారుచేసి సంతకానికి పెట్టినవాణ్ణి. ఏ ఊళ్లో ఎన్నింటికి టీ తాగాలో కూడా రాసేవాణ్ణి. అట్లాంటివాడికి సొంత టూరు ఒకటి దొరికితే ఊరుకుంటాడా? కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

అసలు ఆ కోరిక నాది కాదు, మా ఆవిడది. ఆమె నారాయణగూడలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసింది. క్లాసు గోడకు ఋతువుల చార్టు ఒకటి ఉండేది. అందులో ఆకురాలు కాలం బొమ్మ, ఒక చెట్టు, దాని కింద ఒక బెంచీ. ప్రతి ఏడూ పిల్లల చేతికి నారింజ రంగు క్రేయాన్ ఇచ్చి ఆ ఆకులు దిద్దించేది. ఒకసారి ఒక పిల్ల లేచి నిలబడి, "టీచర్, మీరు చూసిన్రా?" అని అడిగిందట. ఈమె ఆ పిల్లను కూర్చోమని ఇంకో క్రేయాన్ చేతిలో పెట్టిందట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్తే, పేపర్లోంచి తల ఎత్తకుండా "చూద్దాంలే, వచ్చే ఏడు" అన్నాను. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లయి పిల్లలు కూడా ఉండి ఉంటారు.

ఆమె రిటైరైన రోజు బడివాళ్లు శాలువా కప్పి, ఇంకేమైనా కావాలా మేడమ్ అంటే, ఆ చార్టు అడిగి తెచ్చుకుంది. తెచ్చి బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది. నాతో ఒక్కటే మాటంది. "నాకు ఊర్లు చూసుడు వద్దు. ఆకులు రాలే చెట్టు కింద ఒక్క పూట కూసోవాలె. అంతే."

ఆ 'అంతే' నాకు బొత్తిగా నచ్చలేదు. ఒక చెట్టు కింద కూర్చోవడానికి అంత దూరం పోతామా? నలుగురూ నవ్వరూ? ఆకుల కోసం వియన్నా అనుకుని, ఎట్లాగూ పోతున్నాం కదా అని దానికి ప్రేగ్ కలిపాను. ప్రేగ్‌దాకా పోయి బెర్లిన్ చూడకపోతే ఎట్లా? ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, ప్యారిస్ వాటంతటవే వచ్చి చేరాయి. చివర వెనిస్, రోమ్. రెండు వారాల్లో ఎనిమిది నగరాలు. దానికి ఒక ప్రోగ్రాం కాయితం తయారుచేసి, రెండు కాపీలు తీయించి, ప్లాస్టిక్ పూత వేయించి ఆమె చేతిలో పెట్టాను. అందులో ఆమె కోరిక కూడా మరిచిపోలేదు. వియన్నా, రెండో రోజు, భోజనం తర్వాత: 'ఆకులు, అరగంట'.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కాయితం అంతా చదివింది. "అరగంటల ఒక్క ఆకన్న రాలుతదా?" అని అడిగింది. జోకనుకుని నేను పెద్దగా నవ్వాను.

మొదటి ఏడు సెప్టెంబరు ఆఖరున పోదామనుకున్నాం. పెత్రమాస ముంచుకొచ్చింది. పెద్దలకు బియ్యం ఇవ్వకుండా దేశం దాటి పోతావా అని బర్కత్‌పురలో ఉండే మా అక్క ఫోన్లోనే గద్దించింది. మా ఇంట్లో ముహూర్తాలకు సుప్రీంకోర్టు అక్కే. పెత్రమాస కాగానే బతుకమ్మ. మా అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ పేర్చేది మా ఆవిడే. తంగేడు పూలకు గునుగు పూలు ఏ వరసలో కలపాలో ఆమె చెప్తే తప్ప ఎవరూ చేయి వేయరు. తర్వాత దసరా. అవన్నీ దాటి, మళ్లీ టికెట్లకు తారీఖులు కుదిరేసరికి అక్కడ ఆకులన్నీ రాలిపోయాయని ఇంటర్నెట్‌లో కనపడింది. బోడి చెట్లు చూడ్డానికి అంత దూరం ఎందుకులే, వచ్చే ఏడు అన్నాను. రెండో ఏడు కూడా అచ్చం ఇదే కథ, దీపావళి అదనం.

మూడో ఏడు ఎండాకాలంలోనే ఆమె తేల్చి చెప్పేసింది. గొంతు కూడా పెంచలేదు. "ఈసారి కాకుంటే నన్ను మల్ల అడగకుండ్రి. చార్టు చింపి పాత పేపర్లల్ల ఏస్త." బీరువా తలుపు తెరిచినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చేది. ఒకరోజు నా చొక్కా కోసం తెరిచి, చొక్కా తీసుకోకుండానే మూసేశాను.

అందుకని పట్టుదలగా దసరాకు, దీపావళికి మధ్య సందు చూసి టికెట్లు తీసుకున్నాను. మార్చడానికి వీల్లేని టికెట్లు. వీసా కూడా సరిగ్గా ఆ రెండు వారాలకే ఇచ్చారు. ఇక నా తయారీ చూడాలి. పొద్దున్నే స్వెటరు తొడిగి, మంకీ క్యాప్ పెట్టి, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఇందిరా పార్కులో వాకింగ్ మొదలుపెట్టాను. చక్రాలు రాళ్ల మీద ఎట్లా నడుస్తాయో తెలియాలి కదా. నాలుగో రోజు అశోక్‌నగర్ నుంచి వాకింగ్‌కు వచ్చే ఒకాయన పక్కన నడుస్తూ ఎంతో జాలిగా అడిగాడు. "ఏం సార్, ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రా?"

అన్నీ అయ్యాయి. తొక్కు డబ్బా, కారప్పొడి, అటుకులు, చిన్న కరెంటు కుక్కరు సర్దేశాను. ప్రయాణం ఇంకో మూడు రోజులుందనగా అక్క ఫోన్ చేసి ఏ వారం బయల్దేరుతున్నారని అడిగింది. శుక్రవారం అన్నాను.

శుక్రవారం పడమటికి వారశూలట. ఆ రోజు ఆ దిక్కుకు ప్రయాణం పెట్టుకుంటే పని చెడుతుందని శాస్త్రం. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి వాదించాను. భూమి గుండ్రంగా ఉందక్కా, తూర్పుకు పోయినా యూరప్ వస్తుంది అన్నాను. అయితే తూర్పు నుంచే పొమ్మంది. విమానం మన మాట వినదంటే, వినని బండి ఎందుకు ఎక్కుతున్నావంది. నిజం చెప్పాలంటే లోపల గుబులు కూడా పుట్టింది. ఎనిమిది నగరాలు, విమానాలు, రైళ్లు, ఎక్కడో ఒకచోట పని చెడడానికి కావలసినంత చోటుంది.

చివరికి అక్కే విరుగుడు చెప్పింది. ప్రస్థానం పెట్టమంది. మంచి ఘడియలో మన సామాను ఒకటి తీసుకెళ్లి, మనం పోయే దిక్కున ఎవరింట్లోనైనా పెట్టాలి. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత ఏ వారం బయల్దేరినా దోషం లేదు. దారిలో ఆ సామాను తీసుకుని అటే పోవాలి. మళ్లీ ఇంటికి మాత్రం తేకూడదు. ఏదో ఒక తువ్వాలు పెడదామనుకుంటే అక్క ఒప్పుకోలేదు. "ఊకె తువ్వాల పెడితే ప్రస్థానం కాదు తమ్మీ. అది లేకుంటే మీ అడుగు బయట పడొద్దు. గసొంటిది పెట్టాలె."

నేను ఆలోచించాను. అది లేకుంటే అడుగు బయట పడనిది పాస్‌పోర్టు కాక ఇంకేముంది? ఇంత తెలివి ఎవరికైనా ఉంటుందా? ఒక గుడ్డ సంచిలో పసుపు, అక్షింతలు, నా పాస్‌పోర్టు వేసి, నీది కూడా వెయ్యమని మా ఆవిడకు ఇచ్చాను. ఆమె సంచి లోపలికి తీసుకెళ్లి, జిప్పు వేసి తెచ్చిచ్చింది. గ్యాసు ఆపానా లేదా అని మూడుసార్లు చూసుకునే నేను, ఆ సంచి మాత్రం తెరిచి చూడలేదు.

గురువారం పొద్దున మంచి ఘడియలో, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని పడమటికి నడిచాను. నారాయణగూడలో నా పాత ఆఫీసు మిత్రుడి ఇల్లు కాస్త దక్షిణానికి ఒరిగినా పడమరకే వచ్చింది. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. సంచి దేవుడి గూట్లో పెట్టాడు. రేపు పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు పోతూ తీసుకుంటామంటే, నేను ఇంట్లోనే ఉంటాను, నాకేం పని అన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే క్యాబులో అతని ఇంటి ముందు దిగాం. తలుపుకు తాళం వేసి ఉంది. ఫోన్ చేశాను. ఆ తాళం వేసిన తలుపు వెనక నుంచే ఫోన్ మోగింది. పైన కిరాయికి ఉండేవాళ్ల ఆడమనిషి కిందికి వచ్చి చెప్పింది. మహబూబ్‌నగర్ దగ్గర ఊళ్లో వాళ్ల మేనమామ పోయాడని కబురొస్తే, అన్న ఉన్నపళంగా బండెక్కి వెళ్లాడట, మూడోనాడు పిట్టకు పెట్టే కార్యం ముగించుకుని ఆదివారం వస్తాడట.

వాకిట్లో ఒక రాయి ఉంటే తీసి తాళం మీదికి ఎత్తాను. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి ఆ రాయి తీసుకుని కింద పెట్టింది. చావు కబురొచ్చి పోయినవాళ్ల ఇంటి తాళం పగలగొడతామా అంది. అది నాకూ తెలుసు. క్యాబు డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఆ వాకిట్లో ఒక బాదం చెట్టుంది. కింద ఎర్రగా పండిన ఆకు ఒకటి పడి ఉంది. సిగ్గు లేకపోతే సరి, నేను వంగి ఆ ఆకు తీసి ఆమెకు చూపించాను. చూడు, ఇక్కడ కూడా ఎర్రగానే రాలుతున్నాయి, వచ్చే ఏడు తప్పకుండా పోదాం అన్నాను.

ఆమె ఆకు తీసుకోలేదు. "ఇన్నేండ్లు పిల్లలకు గీ బాదం ఆకే చూపించిన. ఆకురాలు కాలమంటే గిట్లనే ఉంటదని చెప్పిన. ఇప్పుడు మీరు దీన్నే నాకు చూపిస్తున్నరా?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి తన పాస్‌పోర్టు బయటికి తీసింది. మరి సంచిలో ఏం పెట్టావని అడిగాను.

"మీరిచ్చిన ప్రోగ్రాం కాయితం. అది లేకుంటే మీ అడుగు బయట పడదు కద."

ఒక్కదానివే ఎట్లా పోతావన్నాను. ఆమె కాచిగూడలో రైలెక్కినా పక్కన నేనుండేవాణ్ణి. విమానం మారాలి, భాష రాదు, ఏ స్టేషన్లో దిగాలో తెలియదు. ఇవన్నీ చెప్తుంటే అర్థమైంది, నా భయం ఆమె ఎట్లా పోతుందని కాదు, నేను లేకుండా పోగలుగుతుందేమోనని. ఆమెకూ భయమే, పాస్‌పోర్టు బ్యాగులో పెట్టి, ఉందో లేదో మళ్లీ తీసి చూసుకుంది. అయినా వెళ్లి క్యాబులో కూర్చుంది. తొక్కు డబ్బా తీసి నాకిచ్చింది, మీకు కూర చేసుకోవడం రాదు, పెట్టుకోండి అని.

డబ్బా పట్టుకుని చిక్కడపల్లిదాకా నడిచి వచ్చాను. అక్కకు చెప్తే, చూసినవా శుక్రవారం అంది.

ఆ రాత్రి వియన్నా చేరుకున్నానని చిన్న మెసేజ్ పెట్టింది. మర్నాడంతా ఏమీ లేదు. నేను నా కాపీ ప్రోగ్రాం కాయితం ముందు పెట్టుకుని, ఇప్పుడు రాజభవనంలో ఉండాలి, ఇప్పుడు భోజనం, ఇప్పుడు ట్రాము అని లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం ఇక ఆగలేక ఫోన్ చేశాను. రాజభవనం చూశావా అని అడిగాను. చూడలేదంది. ట్రాము ఎక్కావా అన్నాను. లేదంది. పొద్దుట్నుంచి మరి ఏం చేశావన్నాను.

"కూసున్న" అంది.

హోటల్ దగ్గరే ఏదో పార్కట. పేరు చూడలేదట. ఆమె గొంతు తేడాగా వినపడితే ఏడుస్తున్నావా అని అడిగాను. దాచలేదు, అవునంది.

"నేను పిల్లలకు తప్పు చెప్పిన. గీ రంగు నారింజ కాదు. ఎంతమంది పిల్లలతోని దిద్దిపిచ్చిన, అందరికి తప్పే చెప్పిన."

మరి ఏ రంగని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను, కానీ అలవాటు చొప్పున చేయి పెన్ను కోసం వెతికింది. అది ఆమెకు ఫోన్లో ఎట్లా కనపడిందో!

"చెప్ప. చెప్తే రాసుకుంటరు. వచ్చి చూడుండ్రి."

ఆదివారం మధ్యాహ్నం మిత్రుడు ఊరి నుంచి వచ్చాడు. తలుపు తీస్తూనే సంచి గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. పోయినాయన గురించి రెండు మాటలు అడిగి, సంచిలోంచి నా పాస్‌పోర్టు తీసుకున్నాను. అంతలో అక్క ఫోన్. ఆదివారం కూడా పడమటికి వారశూలే తమ్మీ, సోమవారం పో అంది. తెలుసక్కా అన్నాను. కొత్త టికెట్ కొనుక్కుని ఆ సాయంత్రమే బయల్దేరాను.