రెండు నలుపులు

మా వదినకి నలభై ఆరేళ్ళు. ఆ వయసులో ఎవరైనా మోకాళ్ళకి నూనె రాసుకుంటారు గానీ, వీధిలో కుర్రకారు వేసుకునే వదులు హుడీలు కుట్టి, వాటికో పేరు పెట్టి, దుకాణంలో అమ్ముతానని బయలుదేరరు. మా వదిన బయలుదేరింది. బట్టల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు చేసిన శాంపిల్ టైలర్ ఉద్యోగం వదిలేసి మరీ బయలుదేరింది. శాంపిల్ టైలర్ అంటే, వేల చొక్కాలు కుట్టేముందు మొట్టమొదటి చొక్కా కుట్టే మనిషి. దాన్ని చూసే మిగతావాళ్ళందరూ కుడతారు.

బ్రాండు పేరు "సందు". ఫ్యాక్టరీ బస్సు రోజూ ఒక సందు మొదట్లో ఆగేది. అక్కడ గోడకి ఆనుకుని నిలబడే పిల్లల హుడీలు కిటికీలోంచి చూసి ఈవిడకి ఒళ్ళు మండేది.

"ఆ టోపీ చూశావా, తడిసిన సంచిలా ఎలా వేలాడుతోందో! వదులుగా కుట్టడం వేరు, కుట్టడం రాక వదులైపోవడం వేరు" అనేది నాతో.

తను కుట్టిన హుడీకి టోపీ మూడు ముక్కలు, రెండు పొరలు. తల మీద వేసుకుంటే నిలబడుతుంది, వెనక్కి తోస్తే మెడ చుట్టూ ఒద్దికగా కూర్చుంటుంది. మొదటిది మా అన్నయ్యకి కుట్టింది. అన్నయ్య సరుకుల వ్యాను నడుపుతాడు. వ్యాను ఆపిన చోటల్లా "ఎక్కడ కొన్నావు?" అని అడిగినవాళ్ళే. అదిగో, అక్కడ ఎక్కింది మా వదినకి పిచ్చి.

ఒక్క హుడీ కూడా అమ్మకముందే మెడ దగ్గర కుట్టే లేబుళ్ళు ఐదొందలు నేయించింది. మా అమ్మ ఆ కట్ట చూసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది. అయినా భోజనాల బల్ల మాత్రం కోడలికి వదిలేసింది. దాని కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, వదిన గుడ్డ కత్తిరించే బల్లగా మార్చుకుంది. మేం నలుగురం నేల మీద కూర్చుని తినడం అలవాటు చేసుకున్నాం.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. రెండు నెలల కింద తన ముదురు నీలం గౌను పొట్టిదైందని వదినకి ఇచ్చింది. వదిన కింద రెండంగుళాల పట్టీ వేసి పొడుగు చేసింది. ఆ పట్టీ నలుపు. నీలం గౌనుకి నల్ల అంచేమిటని నేను పగలబడి నవ్వాను. "ఇదేం ఫ్యాషనే అమ్మా, కింద కాటుక పెట్టుకున్నావా?" అన్నాను. "నాకు అలాగే కావాలి. నీ పని నువ్వు చూసుకో" అని ఎక్కడికెళ్ళినా అదే గౌను వేసుకు తిరిగింది.

ఇక నేను. ఆ ఫ్యాక్టరీలోనే చివరి విభాగంలో పదిహేనేళ్ళు చేసి మానేశాను. కుట్టడం పూర్తయి వచ్చిన బట్టకి మిగిలిపోయిన దారాలు కత్తిరించి, నంబరు స్టిక్కర్లు పీకి, ఇస్త్రీకి పంపడం నా పని. చేతిలో కత్తెర, నోట్లో ఇంకో కత్తెర అని వదిన నాకు "కత్తెర" అని పేరు పెట్టింది. ఆ పేరుకి తగ్గట్టే చేశాను, అదీ చెబుతాను.

బజారులో ఒక బట్టల దుకాణం ఆవిడ వదిన హుడీ చూసి, తన దుకాణంలో బట్టలు తగిలించే ఒక రాక్ ఇస్తానంది. ఇరవై నాలుగు నల్ల హుడీలు శనివారం పది గంటలకి తేవాలి. ఇరవైకి తగ్గినా, పనిలో తేడా కనిపించినా రాక్ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. మా ఇంట్లో ఎవరూ మరీ భయపడలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీ మేనేజరు సోమవారం దాకా వదిన చోటు ఖాళీగా ఉంచుతానన్నాడట. వదినే చెప్పింది. రాక్ రాకపోతే సోమవారం బస్సెక్కడమే అని అమ్మ గుండె మీద చెయ్యేసుకుని పడుకునేది.

గుడ్డ రెండు రోల్సుగా వచ్చింది. రెండూ నలుపే. కానీ నలుపు నలుపంతా ఒకటి కాదు. రంగు వేసే ఒక్కో తొట్టిలో రంగు ఒక్కోలా దిగుతుంది, గదిలో తెలియదు, ఎండలో బయటపడుతుంది. అందుకే ఏ ముక్క ఏ రోల్‌దో తెలిసేలా వదిన ప్రతి ముక్కకీ నంబరు స్టిక్కరు అంటించింది. ఒకటి నుంచి పద్నాలుగు మొదటి రోల్, పదిహేను నుంచి ఇరవై నాలుగు రెండోది. ఒక్కో హుడీకి పైకి కనిపించేవి ఎనిమిది ముక్కలు, ఒకే నంబరు ముక్కలే కలిపి కుట్టాలి. లెక్క తప్పితే ఒంటికి ఒక నలుపు, చేతికి ఒక నలుపు వస్తుంది.

మంగళవారం సాయంత్రం వదిన జిప్పులు తేవడానికి వెళ్ళింది. నేను ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉంటే నా చేతులు ఊరుకోవు. బల్ల మీద ముక్కల దొంతరలు ఉన్నాయి, ఒక్కో ముక్క మీద తెల్లటి స్టిక్కరు. పదిహేనేళ్ళు స్టిక్కరు కనిపిస్తే పీకడమే నా ఉద్యోగం, ఇస్త్రీపెట్టె తగిలితే ఆ జిగురు కరిగి మచ్చ పడుతుంది కాబట్టి. రేడియో వింటూ నూట తొంభై రెండు పీకేశాను. పీకినవన్నీ ఉండ చుట్టి పారేసి, ముక్కలన్నీ దులిపి, ముందు భాగాలన్నీ ఒకచోట, చేతులన్నీ ఒకచోట, టోపీలన్నీ ఒకచోట అందంగా పేర్చాను. వదిన వచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. సాయం చేశానని నాలో నేనే మురిసిపోయాను.

వదిన దొంతరలు చూసి, నంబరు వరసలోనే పేర్చి ఉంటాననుకుని, పైనుంచి ఒక్కొక్కటీ తీసి కుట్టేసింది. స్టిక్కర్లు అడుగున ఉన్నాయనుకుందట. గురువారం మధ్యాహ్నానికి పదకొండు హుడీలయ్యాయి.

ఫోటో కోసం అన్నయ్యకి ఒకటి తొడిగి మేడ మీదకి తీసుకెళ్ళాను. ఎండ కాస్తోంది. "పొట్ట లోపలికి లాగు అన్నయ్యా, అది హుడీ, గర్భిణీల గౌను కాదు" అని నవ్వుతూ ఫోను ఎత్తాను. ఎత్తిన ఫోను అలాగే ఉండిపోయింది. అన్నయ్య ఒంటి మీద హుడీ నీలం తిరిగిన నలుపు. కుడి చెయ్యి గోధుమ తిరిగిన నలుపు. ఎవరి చెయ్యో తెచ్చి అన్నయ్యకి అతికించినట్టు ఉంది.

స్టిక్కర్లు, రేడియో, చెత్తబుట్ట, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. ఆ చెత్త బుధవారం పొద్దున్నే బండి ఎత్తుకుపోయింది. మెట్లు దిగుతుంటే అబద్ధం చెప్పాలనిపించింది, రంగు వేసినవాడి మీదకి తోసేద్దామనిపించింది. వదిన మొహం చూశాక నోరు దానంతటదే నిజం చెప్పేసింది.

వదిన మిషను ఆపింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, నాకు తిట్లు కొత్త కాదు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, "అన్నీ పైకి తీసుకెళ్దాం పద. ఎండ ఉండగానే వేరు చెయ్యాలి" అంది.

అన్నయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. మేమిద్దరం ముక్కలన్నీ మేడెక్కించాం. పడమటి వైపు మబ్బు పైకి లేస్తోంది. దుప్పటి పరిచి, నీలం నలుపు ఎడమవైపు, గోధుమ నలుపు కుడివైపు అనుకున్నాం. గాలికి ముక్కలు లేచిపోతుంటే నా చెప్పులు, వదిన చెప్పులు బరువు పెట్టాం. నేను ఇరవై ముక్కలు వేరు చేసి వదిన వైపు చూశాను. ఆమె ఒక చెయ్యి ముక్క తీసుకుని, ఎండకి పట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి, ఎడమవైపు వేసింది. అది కుడివైపుది. తర్వాతదీ తప్పే. ఆ తర్వాతదీ తప్పే.

మబ్బు దగ్గరపడుతోంది. నాకు కోపం ఆగలేదు.

"వదినా, కళ్ళు పెట్టి చూడు! వేరు చేసినవి కూడా కలిపేస్తున్నావు!"

ఆమె చేతిలో ముక్క ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్టే చూస్తున్నానే. నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అంది.



"ఫ్యాక్టరీలో రంగుల పరీక్ష పెట్టారు" అంది వదిన, నా వైపు చూడకుండా. "ముదురు రంగులు వరసగా పేర్చమన్నారు. నీలం, నలుపు, గోధుమ... నాకన్నీ చీకటే. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు డాక్టరు. మేనేజరు పిలిచి, శాంపిల్ గదిలో ఇక కుదరదమ్మా అన్నాడు. నేను మానలేదే కత్తెరా. వాళ్ళే పంపేశారు."

"మరి సోమవారం?"

"సోమవారం లేదు, ఏమీ లేదు. అత్తయ్య కంగారు పడతారని అలా చెప్పాను. నంబర్లుంటే చాలు, ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తాననుకున్నాను."

ఆ నంబర్లే నేను పీకేశాను. ఆమెకి మిగిలిన కళ్ళు అవే. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. "జరుగు" అన్నాను. "నువ్వు ముక్క అందించు, నేను పడేస్తాను. ఆలోచించకు, అందించు."

ఆమె అందించింది, నేను చూశాను. నీలం, గోధుమ, గోధుమ, నీలం. కుట్టినవాటిలో మూడే సరిగ్గా ఉన్నాయి, ఎనిమిది విప్పాలి. చివరి టోపీ ముక్కలు చూస్తుండగా మబ్బు సూర్యుణ్ణి మింగేసింది. ఆరేడు ముక్కలు ఎటూ తేలలేదు. వాటిని పక్కన పెట్టేశాను, అనుమానం ఉన్నది ఒక్కటీ కలపనని వదినకి మాటిచ్చాను.

తర్వాత మిషను ఆగింది తక్కువ. నేను విప్పి, నంబరు రాసి, అందించాను. వదిన కుట్టింది. శుక్రవారం అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను సూది రెండుసార్లు విరిగింది. అమ్మ ఏమీ అడగకుండా పళ్ళాలు తెచ్చి మిషను పక్కన పెట్టి వెళ్ళింది. శనివారం పొద్దున తొమ్మిదికి లెక్కపెడితే ఇరవై ఒకటి.

దుకాణం ఆవిడ సామాన్యురాలు కాదు. ఒక్కొక్కటీ లోపలిది పైకి తిప్పి కుట్లు చూసింది, జేబులోకి చెయ్యి పెట్టి లాగింది, టోపీ పట్టుకుని ఊపింది. మూడు తగ్గాయని మొహం ముడిచింది. తర్వాత రెండు హుడీలు తీసుకుని గుమ్మం బయటికి నడిచింది. ఎండలో రెండూ పక్కపక్కన పట్టుకుని మా వదినని అడిగింది.

"ఏమండీ, ఈ రెండూ ఒకే నలుపేనా?"

దుకాణంలో ఇంకో నలుగురు ఉన్నారు. ఔనంటే ఒక తంటా, కాదంటే ఒక తంటా, అసలు వదినకి ఏదీ తెలియదు. నేను గొంతు సవరించుకున్నాను, ఎలాగోలా సైగ చేద్దామని. వదిన నా వైపు చూడనే లేదు.

"నాకు ముదురు రంగులు తెలియవండీ, కళ్ళు పోయాయి" అంది గట్టిగానే. "కుట్టు నాది, రంగు మా ఆడపడుచుది. ఆమెని అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. "ఒకటి కాదండీ. మీ కుడిచేతిలోది నీలం వైపు, ఎడమచేతిలోది గోధుమ వైపు. గుడ్డ రెండు రోల్సు. కానీ ఏ ఒక్క హుడీలోనూ రెండూ కలవవు. కలిసిందని ఒక్కటి చూపించండి, అన్నీ పట్టుకుపోతాం."

ఆవిడ ఇరవై ఒకటీ గుమ్మం బయటికి తెప్పించింది. చేతులు, ఒళ్ళు, టోపీలు ఒక్కొక్కటీ చూసింది. అంతసేపూ వదిన పక్కకి చేరి నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంతగా. చివరికి ఆవిడ, "నీలంవి ఈ కొసకి, గోధుమవి ఆ కొసకి తగిలించండి. వచ్చేసారి మూడు తగ్గితే ఊరుకోను" అని లోపలికి వెళ్ళిపోయింది. వచ్చేసారి అన్న మాట వదినకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

సోమవారం పొద్దున లేచేసరికి అమ్మ వదినకి అన్నం డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. రాక్ వచ్చిందని తెలిసినా, చోటు పోగొట్టుకోవద్దు, వెళ్ళి మాట్లాడి రమ్మని ఆమె ఉద్దేశం. వదిన డబ్బా వైపు చూసి, అమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఆ ఉద్యోగం లేదు. మూడు నెలలయింది. నా కళ్ళకి రంగులు ఆనడం లేదు. మీకు అబద్ధం చెప్పాను."

అమ్మ తన గౌను అంచు పట్టుకుని, నీలం మీద నల్ల పట్టీ వదిన ముందుకి చాపింది.

"ఉద్యోగం సంగతి నాకు తెలియదు" అంది. "కళ్ళ సంగతి నువ్వు దీనికి నల్ల పట్టీ వేసి ఇచ్చిన రోజే తెలుసు. కుట్టింది నువ్వు కదా, నాకు అలాగే కావాలని తొడుక్కుని తిరిగితే ఎవరూ నిన్ను అడగరనుకున్నాను. ఇదిగో, ఈ కత్తెర ఒక్కతే నవ్వింది."

వదిన ఆ అంచు వేళ్ళతో తడిమి చూసింది. నేను డబ్బా విప్పి ముగ్గురికీ పెట్టాను. తినడం అయ్యాక బల్ల తుడిచి, కొత్త స్టిక్కర్ల కట్ట తీసుకుని, ఒకటో నంబరు నుంచి రాయడం మొదలుపెట్టాను.