ఎవరు కుట్టారో చెప్పని బ్లౌజులు

మా పిన్ని దుకాణం మూసేసిన రోజు ఎవరూ ఏడవలేదు. అలాంటి ఘట్టం కోసం చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. బాబాయి బోర్డు విప్పడానికి స్టూలెక్కి, తెచ్చిన స్క్రూడ్రైవరు సరిపోలేదని దిగాడు. పక్కనున్న మొబైల్ షాపులో అడిగితే వాళ్లిచ్చింది మరీ చిన్నదైంది. పిన్ని కుట్టుమిషన్లకు పాత చీరలు చుడుతోంది. నేను ఫోన్ మ్యాపులో మా దుకాణం పేజీ తెరిచి, ‘శాశ్వతంగా మూసివేశారు’ అన్నచోట వేలు పెట్టాను. నిజంగానేనా అని ఫోన్ మరోసారి అడిగింది. ఆ దుకాణం గురించి అంత ఆత్మీయంగా వాకబు చేసింది అదొక్కటే.

బాబాయి రాయ్‌పూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చి, పెళ్లి చేసుకుని, పిన్నిని కూడా ఇక్కడికే తెచ్చాడు. రైల్వే క్వార్టరు ముందుగదిలో ఆవిడ ఏళ్ల తరబడి బ్లౌజులు కుట్టింది. బాబాయి రిటైర్మెంటు దగ్గరపడేసరికి అందరూ పెన్షను గురించి మాట్లాడుతుంటే, పిన్ని ఒక్కతే ముందుగది గురించి ఆలోచించింది. క్వార్టరు పోతే గది పోతుంది, గది పోతే పని పోతుంది. అందుకని ముందుగానే శంకర్ నగర్‌లో ఒక మేడ కింద చిన్న షాపు అద్దెకు తీసుకుంది. పదకొండు నెలల అగ్రిమెంటు. ఈలోగా దుకాణం తన అద్దె తాను సంపాదించుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు. పిన్నికి పెద్ద ఆశలేం లేవు. మొగుడి ఉద్యోగంతో పనిలేని ఒక తలుపు, దాని మీద తన పేరు. అంతే.

ఆ సమయానికి నేను రాయ్‌పూర్‌లోనే మార్కెటింగ్ కోర్సు పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. చేరేటప్పుడు ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఎవరి ఉద్యోగమో నేనడగలేదు. కోర్సు మొత్తానికీ సారాంశం ఒకటే. చిన్న వ్యాపారం తన గురించి పదిచోట్ల పదిరకాలుగా చెప్పుకోకూడదు, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. మ్యాపు, వీడియో, స్టేటస్, విజిటింగ్ కార్డు, బట్టలిచ్చే సంచీ, అన్నీ. నేను పిన్ని కటింగు బల్ల మీదున్న ఖాకీ కాగితం పరిచి, గుండ్రాలు గీసి, వాటి మధ్య బాణాలు వేశాను.

“ఇదేట్రా, రైల్వే లైనా?” అంది పిన్ని.

“కస్టమరు ప్రయాణం పిన్నీ.”

“మరి టికెట్టు ఎవులు తీస్తారు?”

ఓపిగ్గా వివరించాను. వీడియో చూసినావిడ మన నంబరుకి వస్తుంది, నంబరు నుంచి మ్యాపుకి, మ్యాపు నుంచి దుకాణానికి. కుట్టించుకున్నాక నచ్చి మ్యాపులో స్టార్లిచ్చి నాలుగు మాటలు రాస్తుంది. ఆ నాలుగు మాటలు చదివి ఇంకొకావిడ వస్తుంది. చివరి బాణం మళ్లీ మొదటి గుండ్రంలోకి. పిన్ని ఆ చివరి బాణాన్ని కాసేపు చూసింది. అది జరగదని ఆవిడకు అప్పుడే తెలుసని ఇప్పుడనిపిస్తుంది. కానీ అక్క కొడుకు అంత కష్టపడి గీశాడు కదా అని ఊరుకుంది.

లేడీస్ టైలరుకి మంచి పేరు రావడం అసాధ్యం. పనితనం లేక కాదు, ఉండటం వల్ల. చంక దగ్గర ముడత పడకుండా, వీపు మీద లూజు రాకుండా కుట్టే మనిషి దొరికితే, ఏ ఆడమనిషీ ఆ సంగతి రెండోవాళ్లకు చెప్పదు. చెబితే అందరూ వచ్చిపడతారు, పండగ ముందు తన బ్లౌజు వెనక్కి పోతుంది. కాబట్టి పిన్నిని ఎంత ఎక్కువ ఇష్టపడితే అంత గట్టిగా దాచేవాళ్లు. ఆవిడకున్నది అభిమానుల సంఘం కాదు, రహస్య సంఘం.

ఆ సంఘానికి అనధికారిక అధ్యక్షురాలు బ్యాంకులో పనిచేసే ఒక మేడమ్. హిందీ ఆవిడ. కాలనీ ముందుగది రోజుల నుంచీ పిన్ని దగ్గరే కుట్టించుకునేది. మ్యాపులో రెండు ముక్కలు రాయమని నేనడిగితే నా వైపు జాలిగా చూసింది. “నేను రాస్తే మా బ్రాంచి సగం ఇక్కడికొస్తుంది బేటా. అప్పుడు నా బ్లౌజు ఎప్పుడిస్తారు?” అంది. స్నేహితురాలిని తీసుకొస్తే చీరకు ఫాల్ ఉచితమని కూపన్లు వేయించాను. మేడమ్ కూపన్ తెచ్చింది. స్నేహితురాలన్నచోట సొంత కూతురి పేరుంది. కనీసం ఒక ఫొటో అయినా ఇవ్వమంటే, వీపు మీద జడ పరుచుకుని మరీ నిలబడింది. జడ చాలా బాగా వచ్చింది.

మొత్తానికి మ్యాపులో ఒకే ఒక్క అభిప్రాయం వచ్చింది, మూడు స్టార్లతో. ‘కాలరు సరిగా రాలేదు. మిగతాది ఓకే’ అని. రాసింది బాబాయి. పిన్ని జీవితంలో కుట్టిన ఒకే ఒక్క మగ చొక్కా ఆయనదే. ఏంటి బాబాయ్ ఇది అంటే, అబద్ధం రాయమంటావా అని ఎదురడిగాడు. ఇలాంటి పరిస్థితికి మా కోర్సులో పాఠం లేదు.

ఆ శీతాకాలం ఊళ్లో ఒక హాల్లో జరిగిన కాలనీవాళ్ల పెళ్లికి పిన్నిని నా స్కూటీ మీద తీసుకెళ్లాను. పెళ్లికూతురు బ్యాంకు మేడమ్ దగ్గర పనిచేసే అమ్మాయి, అందుకని ఆవిడా వచ్చింది. ఇంకో పక్క నుంచి కాలనీ స్కూల్లో పనిచేసే టీచరుగారు వచ్చింది. ఈవిడ తెలుగావిడే, ఈవిడవీ పిన్ని బ్లౌజులే. భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. ఇద్దరి ఒంటి మీదా పిన్ని చేతిపనే ఉంది. సరిగ్గా మధ్యలో ప్లేటు పట్టుకుని పిన్ని నిలబడి ఉంది.

“బ్లౌజు చాలా బాగుంది, ఎక్కడ కుట్టించారు?” అని టీచరుగారు హిందీలో అడిగింది.

“నాగపూర్‌లో. మా ఆడపడుచు ఉంటుంది అక్కడ. మీదో?”

“హైదరాబాదులో. కొరియర్‌లో పంపుతారు.”

ఇద్దరూ ఒకరి అబద్ధాన్ని ఒకరు మెచ్చుకున్నారు. పిన్ని వైపు మాత్రం ఎవరూ చూడలేదు. మేడమ్ అప్పడాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు వెనకసీట్లో పిన్ని నవ్వడం మొదలెట్టింది. “నాగపూర్‌లో బాగానే కుడతన్నాను గానీ, రానూపోనూ మహా కష్టంగా ఉందిరా” అంది. నాకు బండి ఆపుకోవాల్సినంత నవ్వొచ్చింది. కాలనీ గేటు దగ్గరికొచ్చేసరికి వెనక నవ్వు ఆగిపోయింది. దిగాక కొంగు సర్దుకుంటూ, “నా ఎదురుగానే కదరా” అంది. నేను బండికి స్టాండు వేశాను.

మర్నాడు నేను ఖాకీ కాగితం మీద కొత్త బాణం వేశాను. పాతవాళ్లు నోరు విప్పరు కాబట్టి తెలియనివాళ్లను పట్టాలి. పిన్ని కత్తెరతో గుడ్డ కత్తిరిస్తుంటే చేతులు మాత్రమే కనిపించేలా వీడియో తీసి, ఆవిడ చేతే తన హిందీలో చెప్పించాను. నా కస్టమర్లు నేను నాగపూర్‌లో ఉన్నానంటారు, హైదరాబాదులో ఉన్నానంటారు, నిజానికి నేను శంకర్ నగర్‌లోనే ఉన్నాను దీదీ, అని. ఆవిడ హిందీలో శ్రీకాకుళం ఎక్కడా దాగదు. బహుశా అందుకే పనిచేసింది. వారం తిరిగేసరికి రాయ్‌పూర్‌లో సగంమంది ఆడవాళ్లు ఆ వీడియో ఒకరికొకరు పంపుకున్నారు. ఫోన్ మోగుతూనే ఉంది. అసలే పెళ్లిళ్ల రోజులు. దుకాణం మెట్ల మీద చెప్పులు పెట్టడానికి చోటు లేదు. బాబాయి డ్యూటీ దిగి వచ్చి టోకెన్లిచ్చేవాడు. ఆయన మొహంలో మొదటిసారి నా చదువు మీద గౌరవం కనిపించింది. కాలరు గురించి రాసింది మారుస్తాడేమోనని ఆశపడ్డాను. మార్చలేదు.

పిన్నికి కాదనడం రాదు. పెళ్లి బ్లౌజు అంటే తీసుకునేది. తీసుకున్నవన్నీ కుట్టడానికి ఆవిడకున్నది రెండు చేతులే. సాయానికి పెట్టుకున్న ఇద్దరమ్మాయిలు ఫాల్స్, హుక్స్ వరకే. కటింగు పిన్నే చెయ్యాలి, వేరేవాళ్లు చేస్తే అది పిన్ని బ్లౌజు కాదు. మా కోర్సులో డిమాండు ఎలా పెంచాలో వివరంగా చెప్పారు. చేతులు ఎలా పెంచాలో చెప్పలేదు.

బ్యాంకు మేడమ్ కూతురి నిశ్చితార్థానికి బ్లౌజు కావాలి. చెప్పిన రోజుకి ఆవిడ వచ్చేసరికి గుడ్డ ఇంకా కత్తిరించలేదు. ముందు పదిమంది కూర్చుని ఉన్నారు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. “నేను చెప్పాను కదా బేటా” అని మాత్రం అంది. పిన్ని రాత్రికల్లా ఇచ్చేస్తానని, ఇంటికి పంపిస్తానని బతిమాలింది. మేడమ్ తల అడ్డంగా ఊపి, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాపి, “నా ఆది కూడా ఇచ్చెయ్యండి” అంది.

ఆది అంటే కొలతకిచ్చే పాత బ్లౌజు. టేపుతో ఎన్ని కొలతలు తీసుకున్నా టైలరుకి అసలు ఆధారం అదే. మంచి టైలరు దొరికాక ఆది వెనక్కి తీసుకోరు, ఆవిడ దగ్గరే వదిలేస్తారు. ఒంటి తీరు మారితే కొత్తది తెచ్చి పాతదాని మీద పెడతారు. పిన్ని దగ్గర గోడ అల్మరా నిండా ఆదులే. మేడమ్ ఆది అన్నిటికంటే అడుగున ఉంది. అది బయటికి లాగడానికి పిన్ని మిగతావన్నీ బల్ల మీదకి దించాల్సి వచ్చింది. వెతుకుతున్నంతసేపూ మేడమ్ ఫోన్ చూసుకుంటూ నిలబడింది. ఆ విడాకులకి సినిమాల్లో చూపించేదానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది.

ఆ తర్వాత టీచరుగారు. ఆ తర్వాత మిగతావాళ్లు. ఒకరికొకరు టైలరు అడ్రసు చెప్పుకోనివాళ్లు, టైలరు చెడిపోయిందన్న కబురు మాత్రం చక్కగా అందించుకున్నారు. నా పటంలోని గుండ్రాలన్నీ ఆ ఒక్క పనికి అద్భుతంగా కలిశాయి. అల్మరాలో అరలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. పిన్ని వాటిలో దారం రీళ్లు పెట్టింది, బోసిగా ఉండకూడదని.

పెళ్లిళ్ల రోజులు అయిపోయాయి. వీడియో చూసి వచ్చినవాళ్లు ఒక్క పెళ్లికే వచ్చారు. వాళ్ల చేతిలో ఆదులు లేవు, వదిలి వెళ్లడానికీ లేవు. తర్వాత ఇంకెవరిదో వీడియో చూసి ఇంకెక్కడికో వెళ్లి ఉంటారు. నేను ఇంకో నాలుగు వీడియోలు తీశాను. అందులో ఒకటి మా అమ్మ చూసింది. ఎండలు ముదిరేసరికి మెట్ల మీద బాబాయి చెప్పులు తప్ప లేవు. ఒకరోజు పిన్నికి కటింగుకు కాగితం అయిపోయింది. నా పటాన్ని తిరగేసి, ఒక బ్లౌజు చేతి ముక్క గీసి, కత్తిరించింది. ‘నమ్మకం’ అని రాసిన గుండ్రం సగానికి తెగింది. నేను చూస్తున్నానని గమనించి, “మంచి మందం కాగితంరా” అంది.

అగ్రిమెంటు తిరిగి రాయించుకోలేదు. అదే నెలలో బాబాయి రిటైరయ్యాడు. క్వార్టరు తాళాలిచ్చేసి ఊరి బయట మందిర్ హసౌద్‌లో రెండు గదుల ఇంటికి మారారు. మిషన్లలో మంచిది అమ్మేశారు. పిన్ని ఇప్పుడు అక్కడికి దగ్గర్లో స్కూలు యూనిఫాంలు కుట్టే ఒక షెడ్డులో పనిచేస్తుంది. అన్నీ ముందే కత్తిరించి వస్తాయి. ఎవరి భుజాలో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మూడు సైజులు, అంతే. పని ఎలా ఉంది పిన్నీ అంటే, తేలిక అంటుంది. ఆవిడ ఆ మాట అనే తీరుకి మళ్లీ అడగబుద్ధి కాదు.

దుకాణం మూసిన కొన్ని వారాలకు నేను మందిర్ హసౌద్ వెళ్లి ఉన్నప్పుడు ఫోన్‌కి ఒక కబురు వచ్చింది. మ్యాపులో మా దుకాణానికి కొత్త అభిప్రాయం, ఐదు స్టార్లు. బ్యాంకు మేడమ్. ‘రాయ్‌పూర్‌లో ఇంతకంటే బాగా కుట్టేవాళ్లు లేరు. ఎన్నో ఏళ్లు నా బ్లౌజులన్నీ ఈవిడే కుట్టింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు’ అని పెద్ద పేరా. కింద ఫొటో కూడా. ఈసారి జడ ముందుకి వేసుకుంది. ఆ మర్నాడు టీచరుగారు రాసింది, ఇంకో ఇద్దరు రాశారు. దాచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఇక దాచక్కర్లేదు. సగటు అమాంతం పెరిగింది. బాబాయి మూడు స్టార్లు అందులో కలిసిపోయాయి.

పిన్నికి చదివి వినిపించాను. మంచం మీద కూర్చుని, ఇంటికి తెచ్చుకున్న యూనిఫాం చొక్కాలకు గుండీలు కుడుతూ విన్నది. మేడమ్ ఫొటో చూపించమంది. చూసి, “కూతురి నిశ్చితార్థం అయినట్టుంది” అంది.

అప్పుడే ఆవిడ చేతిలోనే ఫోన్ మోగింది, స్పీకరు నొక్కాను. ఎవరో తెలియనావిడ. మేడమ్ రాసింది చదివిందట, దుకాణం మూసినట్టు చూపిస్తోంది కానీ అంత బాగా కుట్టేవాళ్లు ఇంట్లో అయినా కుడుతుంటారు కదా, ఎక్కడుంటారని అడిగింది. మొదటి గుండ్రం నుంచి చివరి బాణం వరకు నేను గీసింది గీసినట్టు జరిగింది. మధ్యలో దుకాణం లేదు, అంతే.

బాబాయి చేత్తో సైగ చేశాడు, ఒప్పుకో అని. ఉన్న ఒక్క మిషనూ చూపించాడు. పిన్ని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, “ఈవిడొస్తాది. ఇంకొకావిడికి సెప్పదు. మళ్లీ మొదటి కాడికేటి?” అంది. బాబాయి చెయ్యి దించేశాడు.

పిన్ని చెయ్యి తీసి, హిందీలో, చాలా మర్యాదగా చెప్పింది. “మేమిప్పుడు నాగపూర్‌లో ఉంటున్నాం దీదీ.”

ఫోన్ నాకిచ్చి, చొక్కా తిరగేసి, తర్వాతి గుండీకి దారం ఎక్కించింది.