తాళం వేయని కోడ్

పోయిన నెల కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది, మా సార్ పోయారని. అప్పుడు నేను తంగళ్ళపల్లిలో ఒక షెడ్డులో పనిలో ఉన్నాను. పనిముట్లు అక్కడే వదిలేసి బయల్దేరాను.

జగిత్యాల ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన నాకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్పారు. "జవాబు సరిగ్గ ఉంటె సాలదు బిడ్డా, యాళ్లకు రావాలె" అనేవారు. మగ్గం మీద పోగు తెగిన సంగతి బట్ట పాడయ్యాక తెలిస్తే ఏం లాభం? రిటైరయ్యాక సిరిసిల్ల సాంచాల కోసం, అంటే మరమగ్గాల కోసం, ఒక ఫ్రేమ్‌వర్క్, అంటే ప్రోగ్రాములకు పునాది, రాశారు. సెన్సార్ చదవడం, మోటారు ఆపడం, ఏ పని ముందో ఏది వెనకో చూసుకోవడం అందులో ఒక్కసారే రాసిపెట్టారు. కొత్త యంత్రం వస్తే దానికి కావలసిన నాలుగు ముక్కలు పైన చేర్చుకుంటే చాలు. అదే పునాది మీద కోరుట్లలో పసుపు ఆరబెట్టే యంత్రమూ నడుస్తోంది.

నేను మొదట ఈ ప్రోగ్రాం అమర్చిన సాంచా పోగు తెగకపోయినా ఆగిపోయేది. నడిపే మనిషి విసిగిపోయి, పోగు తెగితే కిందపడాల్సిన రేకులను దారంతో పైకి కట్టేశాడు. నేను కేకలేశాను. సార్ నన్నే ఆపారు.

"ఆయననేమనకు. దారం కట్టిండంటె నీ ప్రోగ్రాం మీద కంప్లెయింట్ రాసిండన్నట్టు. సదువుకో."

సాంచా అదురుకు రేకు కింది పట్టీకి క్షణం తగిలినా ప్రోగ్రాం దాన్ని తెగిన పోగే అనుకుంటోందని తేలింది. నేను ఆ ఒక్క సాంచాకు సరిచేయబోతే సార్ ఒప్పుకోలేదు, పునాదిలోనే దిద్దించారు. దాంతో అన్ని షెడ్లకూ బాధ తప్పింది. ఆ రోజు తిన్న చివాట్లే నాకు ఇవాళ అన్నం పెడుతున్నాయి.

ఆయనుండగానే ఒక కంపెనీ మనిషి వచ్చి, కోడ్ ఇస్తే ఎవరూ మార్చలేకుండా తాళం వేసి అమ్ముకుంటామన్నాడు. సార్ చాయ్ తాగించి పంపేశారు. "సాంచా నడిపెటోడు తన సాంచాను ముట్టద్దంటె ఎట్ల?" అన్నారు.

దశదినకర్మ నాడు ఆ మనిషే నా పక్కన కూర్చున్నాడు. "సార్ లేడు గద మేడం. ఇగ దాన్ని ఎవలు సూస్తరు? మాకియ్యుండ్రి."

"మేం సూస్తం" అన్నాను.

కోడ్ ఏం చేద్దామని సార్ భార్యను అడిగాను. "అందరికి ఇయ్యి బిడ్డా. ఆయన గదే అంటుండె" అన్నది. ఆ సాయంత్రమే కోడ్ మొత్తం, వాడే తీరుతో సహా, ఎవరైనా తీసుకునేలా నెట్‌లో పెట్టేశాను. ఇక అమ్మమని అడగడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిన్న సిరిసిల్లలో నేనెన్నడూ అడుగుపెట్టని షెడ్డుకు వెళ్లాను. ఒకాయన కంట్రోల్ పెట్టె మూత తీసి, నూలు నూగు అంటిన వేలితో తెర మీద సార్ కోడ్‌లో ఏదో మారుస్తున్నాడు. నన్ను చూసి, "జర ఆగుండ్రి మేడం, పని నడుస్తున్నది" అని మళ్లీ తెర వైపు తిరిగాడు.