ఎల్లమ్మ బెంగాలీ పరీక్ష

హుగ్లీ నీళ్లు దోసిట్లో పట్టుకుని, గంగమ్మ సాక్షిగా చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఆఫీసులో నా మాట నమ్మేవాళ్లు తక్కువ కాబట్టి ఈ ఒట్టు అవసరమైంది.

రెండేళ్ల కిందట, వానాకాలం సెమిస్టర్ మొదలవుతున్న రోజులు. కోల్‌కతాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. మేం చూసేది ఎక్స్ఛేంజ్ విద్యార్థుల్ని. ఇక్కడి పిల్లలు ఒక సెమిస్టర్ పైదేశంలో చదువుతారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. ప్రతివాళ్లకీ లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒకటి ఉంటుంది. ఇక్కడ ఏ సబ్జెక్టు పాసైతే సొంత యూనివర్సిటీ దాన్ని లెక్కలోకి తీసుకుంటుందో ముందే ఒప్పుకోవడం. ఇక్కడ తప్పితే అక్కడా తప్పినట్టే.

ఆ ఏడు ఫిన్లాండ్ నుంచి ఎలీనా అనే అమ్మాయి వచ్చింది. ఎంత పొడుగంటే, ఆమె కుర్చీలోంచి లేస్తే మేం ముందు జాగ్రత్తగా ఫ్యాను ఆపేవాళ్లం. సోషియాలజీ విద్యార్థిని. నది ఒడ్డున బతికే మనుషుల గురించి చదువుతోంది కాబట్టి బెంగాలీ మాట్లాడే కోర్సు ఆమెకు తప్పనిసరి. చివర్లో వైవా, అంటే నోటితో చెప్పే పరీక్ష. అది పోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది, తోటివాళ్లంతా ముందుకెళ్లిపోతారు.

మొదట ఆమెను బాలీగంజ్‌లో రిటైరైన దంపతుల ఇంట్లో హోమ్‌స్టేకి పెట్టాం. హోమ్‌స్టే అంటే హాస్టల్లో కాకుండా ఒక కుటుంబంతో కలిసి ఉండడం. నెల తిరక్కుండా నా బల్ల ముందుకొచ్చింది.

"రాజూ దా, నాకు ఇల్లు మార్చండి." దా అంటే బెంగాలీలో అన్న.

"ఏమైంది? భోజనం బాగాలేదా?"

"భోజనం అద్భుతం. మనుషులు బంగారం. కానీ నేను బెంగాలీలో మంచినీళ్లు అడిగితే వాళ్లు ఇంగ్లీషులో ఇస్తున్నారు. నా ఇంగ్లీషు తెగ బాగుపడిపోతోంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ఇల్లు కావాలి."

అలాంటి ఇల్లు నాకు ఒక్కటే తెలుసు. గార్డెన్ రీచ్‌లో మా మేనత్త అప్పలనరసమ్మది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు డాకుల్లో పనికొచ్చిన కుటుంబాలన్నీ ఆ సందులోనే ఉన్నాయి. అత్త కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసి రిటైరైంది. మావయ్య డాకుల్లో ఓడల సరుకు దించేవాడు, ఇప్పుడు ఇంటి గుమ్మం కాపలా.

"వాళ్లు బెంగాలీ మాట్లాడతారా?" అని అడిగింది ఎలీనా.

"రోజంతా" అన్నాను. కావాలని కోసిన కోత కాదు. మా సందులో మేం మాట్లాడేది బెంగాలీయేనని మా అందరి గట్టి నమ్మకం.

అత్త ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, ఇదేటిరా రాజూ, ఇంత పొడుగు గుంట! పేరేటి?"

"ఎలీనా."

"ఎల్లమ్మా? మంచి పేరే. రాయమ్మా, కూకో."

ఆ పిల్ల కూర్చుంది, ఇక లేవలేదు. కుళాయి దగ్గర బిందె వరసలో నిలబడి పోట్లాడింది. చేపల బజార్లో రొయ్యల్ని తిరగేసి మరగేసి, ఇవి నిన్నటివని విసిరి పారేసింది. నదికి అడ్డంగా వెళ్లే లాంచీల్లో, వాటిని నడిపే సరంగుల పక్కన నిలబడి వాళ్ల కథలు విన్నది. పూజా సెలవులు అయ్యేసరికి, వెనక నుంచి వింటే అత్త కూతురనే అనుకునేవాళ్లు. ముందుకొచ్చి చూస్తేనే అనుమానం.

ఇంత ధైర్యంగా ఊళ్లోకి దిగిన విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు. అందుకే వైవా మర్నాడు బెంగాలీ విభాగం సంధ్యా మేడమ్ నన్ను పిలిపిస్తే, మెచ్చుకోడానికే అనుకుని చొక్కా సవరించుకుని వెళ్లాను.

"రాజు బాబూ, ఈ పిల్లని ఏ ఇంట్లో పెట్టారు?"

"మంచి ఇల్లే మేడమ్."

"వ్యాకరణం బాగుంది, జంకు లేదు. కానీ మూడు మాటల్లో ఒకటి నాకు అర్థం కాలేదు. పొద్దున్నే 'బేగి' లేస్తుందట. ఇది ఏ జిల్లా బెంగాలీ అని అడిగాను. గార్డెన్ రీచ్ జిల్లా అంది."

బేగి అంటే త్వరగా. మా శ్రీకాకుళం మాట.

"ఇది విని పాస్ చెయ్యలేను. వచ్చే వారం ఇంకొక్కసారి వింటాను. అదే ఆఖరు" అన్నారు మేడమ్.

సాయంత్రం వెళ్లేసరికి ఎలీనా గుమ్మంలో మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉంది. "ఇన్నాళ్లూ నేను నేర్చుకున్నది ఏ భాష, రాజూ దా?"

చెప్పాను. సగం బెంగాలీ, సగం మా తెలుగు, మధ్యలో కాస్త హిందీ. ఏడుస్తుందనుకున్నాను. తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, "అయితే ఏది ఎవరిదో ఎలా విడదీయాలి?" అంది.

మా అత్తకి మాత్రం నవ్వు రాలేదు. "మా ఇంట్లో నేర్సుకున్న గుంట తప్పిపోడమేటి? రేపట్నుంచి ఎల్లమ్మ ముందర తెలుగు బందు. సందులో ఎవులు మాటాడినా నా చీపురుకి పని సెప్తాను!"

సందంతా నోరు కట్టుకుంది. వీధి కుక్క కూడా ఆ వారం బెంగాలీలోనే మొరిగింది. మావయ్యకి కోపమొస్తే తెలుగు తప్ప రాదు కాబట్టి, కోపం తెచ్చుకోవద్దని ఆజ్ఞ అయింది. పెళ్లయ్యాక అంత ప్రశాంతమైన వారం చూడలేదని అత్త ఇప్పటికీ చెబుతుంది.

చిక్కల్లా, ఏ మాట తెలుగో ఎవరికీ తెలియకపోవడం. తీర్పు చెప్పడానికి సందు మొదట్లో మిఠాయి కొట్టు బాబ్లూ దాదాని పిలిచాం. ఆయన అచ్చమైన బెంగాలీ.

"దాదా, బేగి మీ మాటేనా?" అని, తెలిసిన మాటతోనే మొదలెట్టి, బెంగాలీలో అడిగింది అత్త.

"నూటికి నూరుపాళ్లు బెంగాలీ, దీదీ! చిన్నప్పుడు మా నాన్న నన్ను బేగి, బేగి అని తరిమేవాడు."

వాళ్ల నాన్న కూడా జన్మంతా ఆ కొట్లోనే, మా సందువాళ్ల మాటలు వింటూ కూర్చున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. చింతపండు పులుసు బెంగాలీల పాత వంటకమని కూడా ఆయన అనేసరికి, జడ్జిగారికి దండం పెట్టి పంపించేశాం.

చివరికి దారి కనిపెట్టింది ఎలీనాయే. అనుమానమున్న మాటల్ని పొద్దున్నే తనతో కాలేజీకి తీసుకెళ్లేది. క్యాంటీన్లో ఒక్కొక్కటీ వాడి చూసేది. ఎదుటివాడు జవాబిస్తే బెంగాలీ, నోరెళ్లబెడితే తెలుగు. సాయంత్రం అత్త ఎన్నికల ఫలితాల కోసం కూర్చున్నట్టు గుమ్మంలో కూర్చునేది. తెలుగు బందు కదా, ఫలితాలు వినే కాసేపు మాత్రం తనకూ మావయ్యకీ మినహాయింపు ఇచ్చుకుంది.

"అత్తా, 'బేగి' మనదే."

"మరేటనుకున్నావు!"

"'బాలిశ్' వాళ్లది."

అత్త మొహం మాడిపోయింది. "తలకింద ఎట్టుకునే బాలిశా? వాళ్లదేటి! మా యమ్మ కూడా బాలిశే అనీది!"

"మీ యమ్మ కూడా ఇక్కడే పుట్టినాది కదే" అన్నాడు మావయ్య, కోపం లేకుండా.

అత్త మెల్లగా, "తలగడ" అంది. "మా మామ్మ అనీది, తలగడ అని. ఇన్నేళ్లూ యాడకి పోనాదో ఈ మాట." ఎలీనా ఆమె పక్కన కూర్చుని, తన పరీక్షకి ఎందుకూ పనికిరాని ఆ మాటని, సరిగ్గా పలికేదాకా మళ్లీ మళ్లీ అనుకుంది.

రెండో వైవా రోజున హాజరు పట్టీ చేత్తో పట్టుకుని గదిలో ఓ మూల నిలబడ్డాను. మీరుండే ఇంటి గురించి చెప్పమన్నారు మేడమ్. ఎలీనా నీళ్ల వరస దగ్గర మొదలెట్టి లాంచీల దాకా ఎక్కడా తొట్రుపడకుండా చెప్పింది. అంతా శుభ్రమైన బెంగాలీ.

"మరి ఆ బేగి ఏమైంది?" అన్నారు మేడమ్ నవ్వు దాచుకుంటూ.

"అది మా అత్తది మేడమ్. బెంగాలీలో 'తాడాతాడి' అనాలి. కానీ తాడాతాడి అంటే మా అత్త కదలదు. బేగి అంటే పరిగెత్తుతుంది."

మేడమ్ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. పాస్.

ఎక్స్ఛేంజ్ అంటే ఒకరు వెళ్లడం, ఒకరు రావడం, మధ్యలో వీసా అని లెక్కేసుకుని ఉద్యోగం చేసినవాణ్ణి నేను. వచ్చిన పిల్ల ఉన్న ఇంటి వాళ్లకి కూడా చదువు చెప్పి వెళ్లగలదని ఆ ఏడు చూశాను. ఇప్పుడు ఇల్లు మార్చమని ఏ విద్యార్థి అడిగినా విసుక్కోను. ఎందుకో అడుగుతాను, పూర్తిగా వింటాను.

ఇక ఒట్టు సంగతి. కల్పించింది ఒకటుంది. రెండో వైవా గదిలో నేను లేను. గుమాస్తాని లోపలికి ఎవరు రానిస్తారు? మేడమ్ ఏం అడిగారో, ఈ పిల్ల ఏం చెప్పిందో, నవ్వారో లేదో, అంతా నా వంటకమే. నేనూ అత్తా వరండాలో బెంచీ మీద, మూసిన తలుపు వంక చూస్తూ కూర్చున్నాం. అత్త అంత దూరం అదే మొదటిసారి రావడం. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తలుపు తెరుచుకున్నాక జరిగింది మాత్రం నిజం. ఎలీనా గుమ్మానికి తల కొట్టుకోకుండా వంగి బయటికొచ్చి, వారం రోజులుగా సందంతా బందు పెట్టిన భాషలో అరిచింది:

"అత్తా, పాసైపోనానే!"